తాళం కప్ప చెప్పే కబురు

తెలంగాణలోని తాండూరులో ఇంటిగోడకు కన్నం వేయాలంటే దొంగ రాత్రంతా కష్టపడాలి. ఆ ఊరి చుట్టుపక్కల నేల తవ్వితే చాలాచోట్ల పొరలు పొరలుగా నాపరాయి తేలుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు భీమా బేసిన్ అని పిలిచే ఈ ప్రాంతంలో, భూమ్మీద చెట్టూ చేమా పుట్టకముందే సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అది. ఇంటిగోడ అదే, గచ్చు అదే, అరమరలు అవే, ప్రహరీ అదే, పాత ఇళ్లలో పైకప్పు కూడా అదే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళమున్నర మందం ఉన్న బండ ఒక్కటి దాదాపు 75 కిలోలు తూగుతుంది. చప్పుడు కాకుండా దాన్ని ఊడదీసి పక్కన పెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే అలాంటి ఇంటిముందు నిలబడ్డ దొంగ చూపు గోడమీద ఆగదు, నేరుగా తలుపు మీదికి పోతుంది.

మట్టిగోడల, ఇటుకగోడల కాలంలో లెక్క వేరు. శూద్రకుడి మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుడి ఇంటిగోడ ముందు నిలబడి, నీళ్లు పడి నానిన చోటు ఏది, ఇటుక చివికిన చోటు ఏది అని తడిమి చూస్తాడు. కన్నం తామరపువ్వు ఆకారంలో వేయాలా, నెలవంకలా వేయాలా, పూర్ణకుంభంలా వేయాలా అని తర్కించుకుంటాడు. కొలతాడు మరిచిపోయి వచ్చాడు కనుక జంధ్యంతోనే కొలుచుకుంటాడు. హాస్యం సంగతి అలా ఉంచితే, అతను చేసింది పదార్థ పరీక్షే. ఎక్కడ బలహీనంగా ఉందో వెతికి అక్కడే పని మొదలుపెట్టాడు. దండి రాసిన దశకుమార చరితంలో అపహారవర్మ కూడా దొంగతనానికి బయలుదేరేముందు ఒక సరంజామా సర్దుకుంటాడు. పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చి తిక్కనకు అంకితమిచ్చిన కథ ఇది. ఆ సరంజామాలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది కొయ్యతో చేసిన మనిషి తల. కన్నం వేశాక దొంగ తన తలను ముందుగా లోపల పెట్టడు. ఆ కొయ్యతలను దూర్చి చూస్తాడు. లోపల ఎవరైనా కర్ర పట్టుకుని కాచుకుని ఉంటే దెబ్బ దానికి తగులుతుంది. అంటే గోడ తొలిచే పనిముట్టు ఎంత ముఖ్యమో, ఇంట్లో మనిషి మెలకువగా ఉన్నాడా అన్న సమాచారం తెచ్చిపెట్టే పనిముట్టు కూడా అంతే ముఖ్యం.

ఈ కాలపు దొంగకు కొయ్యతల అవసరం లేదు. ఆ సమాచారం మనమే వీధిలోకి వేలాడదీసి వెళతాం. తలుపుకు బయట వేలాడే తాళం కప్ప చెప్పేది ఒక్కటే మాట: ఇంట్లో ఎవరూ లేరు. తాళం దొంగను ఆపడానికి వేస్తామనుకుంటాం. అది ఆపడానికంటే ముందు పిలుస్తుంది. ఈ అధ్యాయంలో తలుపు బలం గురించీ తాళం లోపలి యంత్రం గురించీ ఎంత చెప్పుకున్నా ఈ ఒక్క సంగతిని పక్కన పెట్టకూడదు.

ముందు తలుపు దగ్గరే మొదలుపెడదాం. వికారాబాద్, తాండూరు బజార్లలో ఏ ఇనుప సామాన్ల దుకాణంలో అడిగినా ఇచ్చేది ఆల్‌డ్రాప్. గుండ్రటి కడ్డీ, దాన్ని పట్టుకునే పట్టీలు, కడ్డీకి వేలాడే నాలుక, ఆ నాలుక దూరి కూర్చునే కొక్కెం, ఆ కొక్కేనికి తాళం కప్ప. కొందరు బేడెం అంటారు, కొందరు గొళ్ళెం అంటారు. పాతిక ముప్పై ఏళ్లుగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఈ సరంజామాను తలుపుకు పట్టి ఉంచేవి నాలుగైదు చిన్న స్క్రూలు. చాలా ఇళ్లలో అవి అంగుళం కూడా ఉండవు. ఆరువందలు పెట్టి బరువైన తాళం కొన్న మనిషి ఆ స్క్రూల వంక చూడడు. దొంగ చూస్తాడు.

బలం లెక్క చూద్దాం. రెండడుగుల ఇనుప రాడ్డు తీసుకుని దాని కొస ఒక అంగుళం పట్టీ వెనక్కి దూర్చి, తలుపునే ఆనుగా చేసుకుని అవతలి కొస లాగారనుకోండి. ఆను నుంచి చేతి దాకా ఇరవై మూడు అంగుళాలు, ఆను నుంచి పట్టీ దాకా ఒక అంగుళం. చేతి బలం 23 రెట్లు పెరుగుతుంది. మామూలు మనిషి 30 కిలోల బరువుకు సమానమైన బలం ప్రయోగిస్తే పట్టీ మీద పడేది దాదాపు 700 కిలోల బలం. పైగా ఆ బలాన్ని నాలుగు స్క్రూలూ సమంగా పంచుకోవు. పట్టీ ఒకపక్క లేస్తుంది కనుక ఆ పక్కనున్న స్క్రూ ముందు ఒంటరిగా మోస్తుంది. అది ఊడాక రెండోది, తర్వాత మూడోది. స్క్రూ మరలు పట్టుకున్న కొయ్య నారలు చీలడమే తప్ప అక్కడ ఇనుము తెగదు. తెల్లారి చూస్తే తాళం చెక్కుచెదరకుండా కొక్కేన్ని అంటిపెట్టుకునే ఉంటుంది, ఆల్‌డ్రాప్‌తో సహా నేలమీద. పత్రికల్లో మాత్రం తాళం పగులగొట్టి అని వస్తుంది. పాపం, తాళానికి ఆ అపవాదు చాలాసార్లు అన్యాయంగానే పడుతుంది.

దీనికి మందు చవక. స్క్రూలు తీసేసి, తలుపు మందమంతా దూసుకుపోయే బోల్టులు వేయించాలి. బయటివైపు నున్నటి గుండ్రటి తల, లోపలివైపు వెడల్పాటి వాషరు, నట్టు. ఇప్పుడు పట్టీని లాగాలంటే మరల మధ్యనున్న కొయ్య నారలను చీల్చడం చాలదు, వాషరు కింద ఉన్న కొయ్యనంతా నలిపి ఇవతలికి లాగాలి. అదే బలం ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది కనుక ఒక్కో చోట ఒత్తిడి తగ్గిపోతుంది. బయటి తలకు స్క్రూడ్రైవర్ పెట్టే గాడి ఉండదు కాబట్టి విప్పడానికీ వీలుండదు. వడ్రంగికి ఒక గంట పని.

తలుపు రెక్క ఎంత గట్టిదైనా అది వాలేది దర్వాజకు. తాండూరు ఇళ్లలో గోడ రాయి, దర్వాజ కొయ్య, ఆ రెండింటినీ కలిపేది గోడలోకి సిమెంటుతో బిగించిన ఇనుప పట్టీలు. ఆ పట్టీలు సరిగా పడకపోతే, లేదా దర్వాజకు చెదలు పడితే, మొత్తం చట్రమే ఊగుతుంది. ఇంటి యజమాని ఒకసారి తలుపు మూసి గొళ్ళెం పెట్టి భుజంతో గట్టిగా నెట్టి చూడాలి. ఎక్కడ కదులుతోందో చేతికి తెలుస్తుంది. కబ్జాలు బయటివైపుకు ఉన్న తలుపైతే మరీ చూసుకోవాలి. వాటి సువ్వ పైకి తట్టి తీస్తే తలుపు తాళం వేసిన వైపు కాకుండా రెండోవైపు నుంచి తెరుచుకుంటుంది.

పట్నం నుంచి వచ్చిన అలవాటు సెంటర్ లాక్. తలుపు మందంలోనే దాక్కుని ఉంటుంది కనుక వీధిలోకి తాళం కనపడదు. కబురు బయటపెట్టకపోవడంలో ఇది ఆల్‌డ్రాప్ కంటే చాలా మేలు. కానీ దీనికి ఒక లోపం ఉంది. తాళం పెట్టె దూరడానికి తలుపు అంచున గూడు తొలుస్తారు. 35 మిల్లీమీటర్ల మందమున్న రెక్కలో ఆ గూడు పోగా అటూ ఇటూ మిగిలే కొయ్య సెంటీమీటరు కూడా ఉండదు. తలుపులో అత్యంత బలం కావలసిన చోటే అత్యంత పలచన. అందుకని సెంటర్ లాక్ పెట్టించేవాళ్లు ఆ చోట రెండువైపులా ఉక్కు రేకు తొడిగించడం మంచిది. దర్వాజలో నాలుక దూరే చోట కూడా చిన్న రేకు కాకుండా పొడవాటి రేకు, కొయ్య లోతుల దాకా దిగే పొడవైన స్క్రూలు వేయించాలి. నాలుక కనీసం అంగుళం బయటికి రావాలి. అరంగుళం నాలుకైతే దర్వాజను రాడ్డుతో కాస్త ఎడం చేస్తే జారిపోతుంది.

తాళం కప్ప కొనేటప్పుడు జనం చూసేది దాని ఒళ్లు, చూడాల్సింది దాని కొంకి. ఉక్కు కడ్డీ బలం దాని అడ్డకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల కొంకి వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్లదైతే 113. లావు రెట్టింపైతే బలం నాలుగింతలు. ఆ ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరిచి ఉండాలి, లేదంటే హాక్సా బ్లేడు దిగిపోతుంది. కొంకి పూర్తిగా ఒంట్లోనే దాగి, పనిముట్టు పట్టడానికి సందివ్వని గుండ్రటి షట్టర్ తాళాలు మరీ నయం. ఇంత చేసి ఆ తాళాన్ని వేలెడు లావు కూడా లేని తుప్పు కొక్కేనికి వేస్తే చేసిన ఖర్చంతా దండగే.

ఇక తాళం లోపలికి వెళదాం. ఇది ముచ్చటైన యంత్రం. మన ఇళ్లలో రెండు జాతుల తాళాలు కనిపిస్తాయి. ఒకటి లివర్ల తాళం. లోపల పలకలు ఒకదానిపై ఒకటి ఉంటాయి, ప్రతి పలకనూ తాళంచెవి పన్ను సరిగ్గా ఇంత ఎత్తుకే లేపాలి. తక్కువైనా కుదరదు, ఎక్కువైనా కుదరదు. రాబర్ట్ బారన్ 1778లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. 1897లో బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ తాళాల పని మొదలుపెట్టాక, ఇటు అలీగఢ్ తాళాలతోనూ అటు దిండిగల్ తాళాలతోనూ ఇంటింటికీ చేరింది. రెండోది పిన్నుల తాళం. ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళంలో ఉన్న సూత్రాన్నే అమెరికాలో లైనస్ యేల్ చిన్నవాడు 1860లలో వేలెడంత గొట్టంలోకి కుదించాడు. గొట్టంలో వరసగా అయిదారు సందులు, ప్రతి సందులో రెండు ముక్కలుగా కోసిన పిన్ను, దాని మీద స్ప్రింగు. పిన్నుల కోతలన్నీ ఒకే గీతమీదికి వచ్చినప్పుడే లోపలి గొట్టం తిరుగుతుంది. తాళంచెవి మీది రంపపు పళ్లు చేసే పని ఆ కోతలను ఆ గీతమీద నిలబెట్టడమే. అయిదు పిన్నులు, ఒక్కోదానికి పది ఎత్తులు అనుకుంటే లెక్క ప్రకారం లక్ష రకాల తాళంచెవులు. నిజానికి అన్ని రావు. పక్కపక్క పళ్ల మధ్య మరీ తేడా ఉంటే తాళంచెవి దూరదు, తేడా లేకపోతే రక్షణ ఉండదు. చవక తాళాల్లో ఎత్తులూ తక్కువే. ఒక ఊళ్లో ఇద్దరి తాళంచెవులు ఒకటే అవడం వింతేమీ కాదు.

తాళంచెవి లేకుండా ఇవి ఎందుకు తెరుచుకుంటాయన్నదానికి సమాధానం తయారీలోని కొలతల తేడాలో ఉంది. అయిదు సందులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరసలో తొలచడం ఏ ఫ్యాక్టరీ వల్లా కాదు. అందుకే గొట్టాన్ని తిప్పబోతే అయిదు పిన్నులూ ఒక్కసారి బిగుసుకోవు, ఒకటి ముందు బిగుసుకుంటుంది. కష్టం ఒకేసారి అయిదింటిదిగా కాకుండా ఒక్కొక్కటిగా విడిపోతుంది. లక్ష అవకాశాల లెక్క అక్కడే కూలిపోతుంది. ఖరీదైన తాళానికీ చవక తాళానికీ అసలు తేడా ఈ కొలతల నాణ్యతలోనే ఉంది, మెరుపులో కాదు.

దీన్ని లోకానికి చాటిన ఘటన 1851లో లండన్‌లో జరిగింది. అక్కడి మహా ప్రదర్శనకు వచ్చిన ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్, ఇంగ్లండ్ గర్వపడే చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. తర్వాత బ్రామా తాళం పట్టాడు. దాన్ని తెరిచినవారికి 200 గినీలిస్తామని బ్రామా దుకాణం కిటికీలో అరవై ఏళ్లుగా సవాలు బోర్డు ఉంది. హాబ్స్ పదహారు రోజుల్లో, మొత్తం 51 గంటలు కూర్చుని దాన్నీ తెరిచాడు. పత్రికల్లో గగ్గోలు పుట్టింది. ఇలాంటి రహస్యాలు బయటపెడితే దొంగలకు నేర్పినట్టు కాదా అన్నారు. దొంగలకు ఇవి ఎప్పుడో తెలుసు, తెలియనిది ఇంటివాళ్లకే అన్నది హాబ్స్ వాదన. నాకు హాబ్స్ పక్షమే సబబనిపిస్తుంది. అయితే ఈ కథలో ఎక్కువమంది గమనించని సంగతి వేరే ఉంది. 1818 నాటి ఆ చబ్ తాళంలో ఒక గమ్మత్తు ఏర్పాటు ఉండేది. ఎవరైనా దొంగ పనిముట్టుతో ఏదైనా పలకను అతిగా లేపితే తాళం బిగుసుకుపోయేది. యజమాని వచ్చి తాళంచెవి పెట్టినప్పుడు అది తిరగదు, ఎవరో చెయ్యి పెట్టారని వెంటనే తెలిసిపోతుంది. మన తాళం కప్ప దొంగకు కబురు చెబుతుంటే, ఆ తాళం ఇంటివాడికి కబురు చెప్పేది.

పిన్నుల తాళానికి ఇంకో బెడద ఉంది. క్యారమ్ బోర్డు మీద ఒకదానికొకటి ఆనుకున్న రెండు కాయల్లో ముందుదాన్ని స్ట్రైకర్‌తో కొడితే అది అక్కడే ఆగి వెనకదాన్ని ఎగరగొడుతుంది. పిన్నుల తాళానికి తగిన దెబ్బ తగిలితే కింది ముక్కలు నిలిచి పై ముక్కలు క్షణంపాటు ఎగురుతాయి. ఆ క్షణంలో గీత ఖాళీ అవుతుంది. దీన్ని ఎదుర్కోవడానికే మంచి కంపెనీలు నడుము సన్నబడ్డ పిన్నులు, బలం తేడాగల స్ప్రింగులు, పక్కనుంచి అడ్డుకునే అదనపు కడ్డీ పెడుతున్నాయి. ఇదంతా తెలుసుకోవడం బాగుంటుంది కానీ వికారాబాద్ వీధిలో ఇంత నైపుణ్యం చూపే దొంగ అరుదు. రాడ్డుతో రెండు నిమిషాల్లో అయ్యే పనికి ఎవడూ పిన్నులు లెక్కపెట్టుకుంటూ కూర్చోడు. నైపుణ్యం అక్కర్లేని దారి ఒకటి ఎప్పుడూ తెరిచే ఉంటుంది కూడా. మీటరు డబ్బాలో, తులసికోట వెనక, చెప్పుల స్టాండులో పెట్టిన తాళంచెవి. అద్దె ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్లు పాతవాళ్ల దగ్గర ఎన్ని మారు తాళంచెవులు ఉండిపోయాయో ఊహించలేరు. దిగిన రోజే తాళం మార్చడం, సెంటర్ లాక్ అయితే దాని సిలిండర్ ఒక్కటి మార్పించడం పెద్ద ఖర్చు కాదు.

తలుపును ఇంతగా బిగించాక కిటికీని మరిచిపోకూడదు. 2018 సెప్టెంబరులో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పూ సాసరూ చెంచా మాయమయ్యాయి. దొంగలు తలుపు తాళాల జోలికే పోలేదు. పై అంతస్తు వెంటిలేటర్ ఊడదీసి తాడు పట్టుకుని లోపలికి దిగారు. అడ్డొచ్చిన కెమెరాను పక్కకు తిప్పేశారు. రోజుల వ్యవధిలోనే పోలీసులు పట్టుకుని వస్తువులు తెచ్చారు కనుక కథ సుఖాంతమైంది. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలోని స్టేట్ బ్యాంకు శాఖలో సుమారు 19 కిలోల తాకట్టు బంగారం పోయింది. అక్కడా దారి కిటికీయే. గ్రిల్ తొలగించి, లోపల గ్యాస్ కట్టర్ వాడారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 445వ సెక్షన్ చెప్పినట్టే, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ కూడా ఇంట్లో చొరబడే పద్ధతులు ఆరు చెబుతుంది. తాళం తీసి రావడం అందులో ఒక్కటే. గోడకు దారి చేసుకోవడం, మనుషులు వచ్చిపోయేందుకు కానిచోటినుంచి దూరడం లాంటివి మిగతావి. చట్టం రాసినవారు ఇంటిని దొంగ కళ్లతో చూశారు.

మళ్లీ కబురు దగ్గరికి వద్దాం, ఎందుకంటే దొంగతనాల శాస్త్రంలో అసలు విషయం అక్కడే ఉంది. 1979లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ ఒక ప్రశ్న వేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో సంపద పెరిగింది, పేదరికం తగ్గింది, మరి ఇళ్లల్లో దొంగతనాలు ఎందుకు పెరిగాయి? వాళ్ల జవాబు చాలా సాదా. ఆడవాళ్లూ మగవాళ్లూ ఉద్యోగాలకు పోతున్నారు, పగలంతా ఇళ్లు ఖాళీ, ఇంట్లో వస్తువులేమో మోసుకుపోవడానికి తేలికైనవి. నేరం జరగడానికి చేయాలనుకునే మనిషి, తగిన వస్తువు, చూసేవాళ్లు లేని వేళ, ఈ మూడూ ఒకచోట కలవాలి. మొదటిదాన్ని మనం మార్చలేం. మూడోది మన చేతుల్లోనే ఉంది.

వికారాబాద్, తాండూరులకు ఆ మూడోది ప్రత్యేకంగా వర్తిస్తుంది. 1874 నుంచీ ఈ రెండు ఊళ్లనూ హైదరాబాద్‌తో కలుపుతున్న రైలు పట్టాల మీద పొద్దున్నే ఉద్యోగులు వెళ్లిపోతారు, చీకటి పడ్డాక వస్తారు. ఆ రైళ్ల వేళలు అందరికీ తెలిసినవే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి చుట్టూ వెలిసిన ఫామ్‌హౌసులది దీనికి తలకిందుల లెక్క. శని ఆదివారాలు సందడి, వారం మధ్యలో కుక్క కూడా ఉండదు. కందులు అమ్మిన డబ్బు చేతికొచ్చే కాలమూ, సంక్రాంతికి ఊరెళ్లే కాలమూ దాదాపు ఒకటే. ఎండాకాలం ఉక్కపోతకు కింద తాళం పెట్టి మిద్దెమీద పడుకుంటారు. మనిషి ఇంటిపైనే ఉంటాడు, ఇల్లు మాత్రం ఖాళీ. మన వాకిలి ఇంకో కబురు చెబుతుంది. తెల్లారేసరికి ఊడ్చి సాన్పి చల్లి ముగ్గు పెట్టే వీధిలో, రెండు రోజులుగా ముగ్గు లేని గడప ఒక్కటే ఉంటే దాన్ని చదవడానికి చదువు రానక్కర్లేదు. గేటులో ఇరుక్కున్న పేపర్లు, పట్టపగలు వెలుగుతున్న వాకిట్లో బల్బు కూడా అదే చెబుతాయి.

ఊరెళ్లేటప్పుడు పక్కింటి పిన్నితో, మా గడపకు కూడా నాలుగు చుక్కలు పెట్టమని చెప్పి వెళ్లడాన్ని నేను భద్రతా పరికరాల జాబితాలో ఆల్‌డ్రాప్ కంటే ముందు రాస్తాను. పేపరు, పాలు ఆపించాలి. తాళం గ్రిల్ గేటుకు బయటినుంచి కాకుండా లోపలి తలుపుకు వేసి, గేటు ఊరికే దగ్గరగా వేయాలి. లేదా తాళం లోపలివైపు పడేలా గేటుకు చెయ్యి దూరే సందు పెట్టించాలి. హాల్లో ఒక బల్బుకు టైమర్ పెడితే సాయంత్రం వెలిగి రాత్రి ఆరిపోతుంది. ఊళ్లో లేమని ఫొటోలు పెట్టడం తిరిగొచ్చాక చేసుకోవచ్చు. పోలీసులకు చెప్పి వెళితే గస్తీ వాళ్లు ఆ వీధిలో ఆగి చూస్తారు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులు ఇంకో అడుగు వేసి, ఊరెళుతున్నామని యాప్‌లో తెలిపిన ఇంట్లో కదలికను గుర్తించే కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి తెచ్చారు. కదలిక కనపడితే కబురు స్టేషన్‌కు వెళుతుంది. చబ్ తాళం చేసిన పని ఇది, దూరం పెరిగింది అంతే.

ఇంట్లో మనుషులు ఉన్నప్పుడు కూడా బయటి గొళ్ళెంతో ఒక ప్రమాదముంది. దొంగలు తాము ఎంచుకున్న ఇంటికి వెళ్లేముందు చుట్టుపక్కల ఇళ్ల తలుపులకు బయటినుంచి గొళ్ళేలు పెట్టేస్తారు. కేకలు వినపడ్డా ఎవరూ బయటికి రాలేరు. రాత్రి పడుకునేముందు బయటి ఆల్‌డ్రాప్ కడ్డీ కదలకుండా దానికే తాళం వేసి పెట్టుకోవడం ఆ తిప్పలు తప్పిస్తుంది. అలాగని కిటికీ గ్రిల్లులూ తలుపులూ లోపలినుంచి కూడా తెరవలేనంతగా బిగించుకోవద్దు. నిప్పంటుకుంటే బయటపడే దారి కావాలి. లోపలి తాళంచెవి చీకట్లో చేతికందే మేకుకే ఎప్పుడూ ఉండాలి.

కెమెరాల గురించి ఒక మాట. సీసీ కెమెరా ఎవరు వచ్చారో చెబుతుంది, రాకుండా ఆపదు. దాని రికార్డింగు పెట్టె టీవీ పక్కనే పెడితే దొంగ దాన్నీ సంకలో పెట్టుకుపోతాడు. అటకమీదో, తాళమున్న అరలోనో దాచాలి. వేలిముద్రల డిజిటల్ తాళాలు వీధికి కబురు చెప్పవు, ఎవరు ఎప్పుడు తీశారో లెక్క రాసుకుంటాయి, అది వాటి గొప్ప. కానీ పలచటి తలుపుకు పాతికవేల తాళం పెట్టినా రాడ్డు ముందు దాని తెలివి పనికిరాదు.

ఐరోపాలో తలుపుల బలాన్ని కొలిచే ప్రమాణం ఈఎన్ 1627. అది బలాన్ని కిలోల్లో కాకుండా నిమిషాల్లో కొలుస్తుంది. పరీక్షకుడు పనిముట్లు పట్టుకుని నిజంగానే తలుపు మీద పడతాడు. రెండో తరగతి తలుపు మూడు నిమిషాలు ఆగాలి, రాడ్డు వాడే మూడో తరగతి పరీక్షలో అయిదు నిమిషాలు, నాలుగో తరగతిలో పది. ఏ తలుపూ ఎప్పటికీ తెరుచుకోదని అందులో లేదు. పక్కింటివాళ్లు లేచేదాకా, గస్తీ బండి మలుపు తిరిగేదాకా ఆగితే చాలు. నెదర్లాండ్స్‌లో 1999 నుంచి కొత్త ఇళ్లన్నింటికీ దొంగలను తట్టుకునే తలుపులు, కిటికీలు తప్పనిసరి చేశారు. ఆ ఇళ్లలో దొంగతనాలు దాదాపు 26 శాతం తగ్గాయని తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. ఇంగ్లండ్‌లో జరిగిన పరిశోధనల్లోనూ తలుపు తాళం, కిటికీ తాళం, ఇంట్లో దీపం, వాకిట్లో దీపం కలిసి ఇచ్చిన రక్షణ, ఒంటరిగా పెట్టిన అలారం ఇవ్వలేదని తేలింది.

భయం ముదిరితే వచ్చే అనర్థం కూడా చెప్పుకోవాలి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు, దొంగల ముఠాలు వచ్చాయంటూ వాట్సాప్ పుకార్లు తెలంగాణ ఊళ్లలో పాకినప్పుడు అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బండల పాలిషింగ్ యూనిట్లకూ సిమెంటు ఫ్యాక్టరీలకూ ఎక్కడెక్కడినుంచో కూలీలు వచ్చే తాండూరు లాంటి ఊళ్లో కొత్త ముఖం కనపడటం రోజూ జరిగేదే. అనుమానం వస్తే 112కు ఫోన్ చేయాలి. కర్ర పట్టుకుని గుంపుగా పోవద్దు.

ఇన్ని చేసినా దొంగలు పడొచ్చు. తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంటే లోపలికి పోవద్దు, వాళ్లింకా లోపలే ఉండొచ్చు. బయటే నిలబడి ఫోన్ చేయాలి. పోలీసుల క్లూస్ టీమ్ వచ్చేదాకా ఊడిన ఆల్‌డ్రాప్‌నూ, బీరువా పిడినీ, నేలమీది డబ్బాలనూ ఎవరినీ ముట్టుకోనివ్వద్దు. పరామర్శకు వచ్చిన చుట్టాలే మొదటి శత్రువులు. ప్రతివాళ్లూ బీరువా తలుపు పట్టుకుని అయ్యో అంటారు, దాంతో దొంగ వేలిముద్ర మీద చుట్టాల వేలిముద్ర పడుతుంది. వేలిముద్రల విభాగం ప్రపంచంలో మొట్టమొదట పుట్టింది 1897లో కలకత్తాలో, గోద్రెజ్ తాళాలు మొదలుపెట్టిన ఏడాదే. ముద్రలను లెక్క ప్రకారం వర్గీకరించే పద్ధతికి రూపమిచ్చినవాళ్లు అక్కడి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. వేల కాగితాల్లో చేత్తో వెతికిన ఆ పనిని ఇప్పుడు కంప్యూటర్ చూస్తుండగానే చేసేస్తుంది, కానీ చెరిగిపోయిన ముద్రను అది కూడా చదవలేదు. పోయిన నగల ఫొటోలు, బిల్లులు ఫోన్‌లో ఉంటే ఫిర్యాదు రాయడం తేలిక, దొరికితే మనవని నిరూపించుకోవడమూ తేలిక.

క్లూస్ టీమ్ పని ముగించి వెళ్లగానే, ఆ సాయంత్రమే వడ్రంగిని పిలవాలి. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో మళ్లీ పడరన్న నమ్మకం మనలో గట్టిది. లెక్కలు దానికి పూర్తిగా విరుద్ధం. 1980లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో, కర్‌కోల్ట్ అనే కాలనీని పరిశీలించినప్పుడు ఒకసారి దొంగతనానికి గురైన ఇంటికి మళ్లీ గురయ్యే ప్రమాదం మిగతా ఇళ్లకంటే నాలుగు రెట్లని తేలింది. దొంగకు ఇప్పుడు లోపలి గదులు తెలుసు, తలుపు ఎంత తేలికగా ఊడిందో తెలుసు, పోయినవాటి స్థానంలో కొత్తవి కొంటారనీ తెలుసు. ఆ తర్వాతి పరిశోధనలు ప్రమాదం ఆ ఒక్క ఇంటితో ఆగదనీ, కొన్ని వందల మీటర్ల లోపున్న ఇళ్లకు కూడా కొన్ని వారాల పాటు పాకుతుందనీ చూపాయి. కర్‌కోల్ట్‌లో దొంగతనం జరిగిన ఇంటి తలుపును వెంటనే బలపరిచారు, చుట్టూ ఉన్న అయిదారు ఇళ్లవాళ్లను ఆ ఇంటిమీద కన్నేసి ఉంచమన్నారు, దొంగలకు ఆశపెట్టే, నాణేలు వేస్తే కరెంటు, గ్యాస్ వచ్చే మీటర్లు తీసేశారు. రెండోసారి దొంగలు పడటం దాదాపు ఆగిపోయింది. కాబట్టి వడ్రంగి వచ్చినప్పుడు ఆ వీధిలోనే ఇంకో నాలుగు ఇళ్లకు అతన్ని తీసుకెళ్లి, వాళ్ల ఆల్‌డ్రాప్ స్క్రూలు కూడా ఊడదీయించి బోల్టులు వేయించాలి. ఆ నాలుగు ఇళ్లకూ ఒకే రోజు పని పడితే కూలి కూడా కాస్త తగ్గిస్తాడు.